మ్యూజియం చూద్దాం, మనమూ ఒకటి పెడదాం



సాలార్‌జంగ్ మ్యూజియం పేరు మనందరం జనరల్ నాలెడ్జి బిట్లలో చదివినదే. ఎక్కడ ఉంది? హైదరాబాదులో, మూసీనది ఒడ్డున. ఒక మార్కు వస్తుంది, ప్రశ్న అయిపోతుంది. లోపల ఏముందో, దానితో మనకేం పనో ఏ బిట్టులోనూ ఉండదు. విహారయాత్రకు వెళ్లినప్పుడు గేటు దగ్గర మాలో ఒకడు "చెప్పులు ఎక్కడ విడవాలి?" అని అడిగాడు. అందరం నవ్వాం. కానీ ఇంత పెద్ద భవనంలోకి మనల్ని రానిస్తారా అన్న బెరుకు నవ్విన వాళ్లలోనూ ఉంది. టికెట్టు కొనుక్కుని అందరితోపాటే లోపలికి వెళ్లాం. చూసి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ఈ వస్తువులు ఒకప్పుడు ఒక కుటుంబం సొత్తు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) తన పెద్దలు సేకరించిన వాటికి తాను కొన్నవి ఎన్నో చేర్చారు. ఆయన మరణం తర్వాత, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడి భవనంలో జవహర్‌లాల్ నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అంటే నవాబు గారి ఇంటి సొత్తు ప్రజల సొత్తు అయింది. అందులో మనకూ వాటా ఉంది.

మ్యూజియంలో ప్రదర్శనలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి శాశ్వత ప్రదర్శన. ఎప్పుడు వెళ్లినా కనిపించేవి ఇవే. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం, గంట గంటకూ బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఇందులోవే. రెండోది తాత్కాలిక ప్రదర్శన. ఒక విషయం తీసుకుని, దానికి సంబంధించిన వస్తువులను కొద్ది రోజులు మాత్రమే చూపిస్తారు.

అన్నీ ఎప్పుడూ చూపించవచ్చు కదా అని మాకూ అనుమానం వచ్చింది. ఇక్కడ సుమారు 43,000 కళావస్తువులు, 9,000 చేతిరాత ప్రతులు, 47,000 అచ్చు పుస్తకాలు ఉన్నాయి. గ్యాలరీలు నలభైకి దగ్గరగా ఉన్నా అన్నిటికీ చోటు చాలదు. ఇంకో కారణం వెలుతురు. మేడమీద తీగ మీద వేసిన మన యూనిఫాం చొక్కా ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది కదా! పాత బట్ట, కాగితం, నీటిరంగుల బొమ్మ కూడా అంతే. అందుకే వాటి మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకుండా చూసుకోవడం మ్యూజియాల్లో సాధారణ పద్ధతి. కొన్నాళ్లు చూపించి, మళ్లీ చీకట్లో విశ్రాంతినిస్తారు. కాబట్టి ఒకసారి చూసినవాళ్లు రెండోసారి వెళ్తే కొత్తవి కనబడవచ్చు.

రాబోయే ప్రదర్శనల సంగతి తెలుసుకోవాలంటే దినపత్రికల హైదరాబాదు పేజీలు చూడాలి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. మన దేశంలోని మ్యూజియాలు ప్రత్యేక ప్రదర్శనలు పెట్టేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. ఆ రోజు మాత్రం వెళ్లకండి.

ఇక మమ్మల్ని ఆలోచింపజేసిన విషయం చెప్తాం. ప్రతి వస్తువు పక్కనా చిన్న చీటీ ఉంటుంది. రెబెక్కాను చెక్కినది ఇటలీ శిల్పి బెంజోని అని మనకు తెలుసు. అది 1876 నాటిది. ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనుక మార్గరెట్టా కనిపించే కొయ్యబొమ్మ ముందు కూడా జనం గుంపుగా నిలబడతారు. దాన్ని చెక్కినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. నల్లని లోహం మీద వెండి తీగ పొదిగిన బీదరు పాత్రలు చేసిన చేతులెవరివో తెలియదు. పాత గ్రంథాల దగ్గర మాలో ఒకడు చాలాసేపు ఆగిపోయాడు. "రాసినాయన పేరు కొన్నిటికి ఉంది. ఈ తోలు అట్ట చేసినాయన పేరు ఏదిరా?" అన్నాడు. మాకెవరికీ జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న అడిగినవాడు ఆరో తరగతిలో చేరినప్పుడు, మీ నాన్న ఏం చేస్తాడంటే "కూలి" అని చెప్పినవాడే. వాళ్ల నాన్న తంగేడు చెక్క నీళ్లలో తోలు ఊరేసి పదును చేస్తాడని, చెప్పులు కుడతాడని తిరుగు ప్రయాణంలో బస్సులో చెప్పాడు. నాలుగేళ్లు ఒకే గదిలో పడుకున్నాం. మాకు అప్పుడే తెలిసింది. అలా దాచుకున్నది వాడొక్కడే కాదని కూడా ఆ బస్సులోనే తేలింది.

అందుకే ఈ వార్షికోత్సవం నాడు భోజనాల హాల్లో మనదే ఒక తాత్కాలిక ప్రదర్శన పెడుతున్నాం. ఇంటి నుంచి ఒక్కొక్కరు ఒక్కో వస్తువు తేవాలి. అమ్మమ్మ కుట్టిన బొంత, వెదురు చేట, చేపల బుట్ట, మేకతోలు బిగించిన డప్పు, దాని సిర్ర, సిటికెన పుల్ల ఏదైనా సరే. ఆరె, రంపె తెస్తానని మన మిత్రుడు ముందే చెప్పాడు. ప్రతి వస్తువుకూ చీటీ రాద్దాం. వస్తువు పేరు, దేనితో చేశారు, ఏ ఊరు, ఎన్నేళ్ల కిందటిది. వీటన్నిటికంటే పైన, మొదటి వరుసలో, పెద్ద అక్షరాలతో చేసినవారి పేరు. ఆ వరుస ఖాళీగా ఉన్న చీటీని బల్ల మీద పెట్టం.

పేరు తెలియకపోతే ఇంటికి వెళ్లి అడిగి రండి. అడగడానికి ఇంకా మన పెద్దవాళ్లు ఉన్నారు. అన్నలారా, మీరూ ఆ రోజు తప్పక రండి. వస్తూ వస్తూ ఒక వస్తువు, దాన్ని చేసినవారి పేరు వెంట తీసుకురండి.