రహస్యపదముల పాతర

మన అనంతపురపు సీమలో వాన తప్పిన యేట యజమాని బెంగుళూరికి కూలికి బోవుటయు, ఇల్లాలొక్కతెయే సంసారమును నెట్టుకొనివచ్చుటయు క్రొత్త కాదు. నేడట్టి యింటి వ్యవహారమంతయు ఫోనునందే యున్నది. బ్యాంకి ఖాతా, పంటల బీమా, పిల్లల దరఖాస్తులు, ప్రతిదానికి నొక పాస్‌వర్డు. పెక్కండ్రు అన్నింటికిని బిడ్డ పేరే పెట్టి, మఱవకుండుటకై క్యాలెండరు వెనుక వ్రాసికొందురు. ఒకచోట బయటపడినచో నన్నియు బయటపడినట్లే.

దీనికి పాస్‌వర్డు మేనేజరు అను సాధనము కలదు. 2003లో జర్మను దేశీయుడగు డొమినిక్ రైషెల్ ఉచితముగా వెలువరించిన కీపాస్ అట్టిది. అది కంప్యూటరునకు, అదే ఫైలును తెఱచు కీపాస్‌డీఎక్స్ ఆండ్రాయిడ్ ఫోనులకు. మన పెద్దలు ధాన్యమును నేలలో పాతర వేసెడివారు గదా! ఇందును పాస్‌వర్డులన్నియు నొకే ఫైలులో, గూఢలిపిలో దాగియుండును. దొంగకు ఫైలు దొరికినను అర్థములేని యక్షరముల కుప్పయే కనబడును.

దానిని తెఱచునది మాస్టరు పాస్‌వర్డు. ఆ పదమే తాళపుచెవి కాదు. ఆర్గాన్2 అను పద్ధతి దానిని, మెమరీయు కాలమును ఎక్కువ పట్టునట్లుగా, మఱల మఱల మథించి తాళపుచెవిని పుట్టించును. మీకది యొక క్షణపు ఆలస్యము. కోట్లకొలది పదములను వరుసగా పెట్టి చూచు దొంగకు ప్రతి పదమునకు నంత శ్రమయే! అయినను మీ పదము "లక్ష్మి123" యైనచో మథనమంతయు వ్యర్థము. 2022లో లాస్ట్‌పాస్ అను కంపెనీ నుండి వాడుకరుల గూఢలిపి పెట్టెల ప్రతులే దొంగలపాలైనవి. అప్పుడు బలహీనమైన పదము గలవారికే ఎక్కువ భయము. కావున పొంతనలేని అయిదాఱు మాటలు కూర్చుకొనుడు: చింత, రోకలి, బస్సు, నెమలి, సున్నము, గొడుగు. (ఇవి అచ్చులో పడినవి, మీవి వేఱుగా నుండవలెను.)

పెట్టె తెఱచియున్నపుడు గూఢలిపి కాపాడదు. 2023లో కీపాస్‌నందే, కంప్యూటరు మెమరీ నుండి మాస్టరు పాస్‌వర్డును దాదాపుగా రాబట్టవచ్చునని తేలినది. ఆ యేడే సవరించిరి. సవరణలు వచ్చినపుడెల్ల వేసికొనుడు. ఎవరో పంపిన యాప్‌ను ఫోనులో పెట్టకుడు.

ఒక్కటి మాత్రము కఠినము. కీపాస్‌లో మాస్టరు పాస్‌వర్డు మఱచినచో దానిని తిరిగి యిచ్చువారెవరును లేరు. కనుక దానినొక కాగితముపై వ్రాసి, పట్టాదారు పుస్తకముతో ట్రంకుపెట్టెలో నుంచుడు. ఫైలు ప్రతి నొకదానిని బెంగుళూరిలోని యజమాని ఫోనునకు పంపుడు. మీ ఫోను పగిలిననాడు ఆ ప్రతియు, ఈ కాగితమును చాలును.