మందు పేరుతో ఆకలి చంపిన బడి: డికెన్స్ కథ, ఫిజ్ బొమ్మ

ఇవాళ ఒకే ఒక్క బొమ్మ గురించి మాట్లాడుకుందాం. స్క్రీన్ మీద చూడండి. ఒకావిడ, ఆవిడ ముందు పెద్ద గిన్నె, చుట్టూ బక్కచిక్కిన పిల్లలు. ఒక పిల్లాడి నోట్లో చెంచా కుక్కుతోంది. మొదటిసారి చూసినప్పుడు నాకైతే నవ్వొచ్చింది. కథ చదివాక, ఎందుకు నవ్వానా అనిపించింది.

ఇది చార్లెస్ డికెన్స్ 'నికొలస్ నికల్బీ' నవలలోది. 1838 ఏప్రిల్ నుంచి 1839 అక్టోబర్ దాకా నెలకో భాగంగా వచ్చింది. ఒక షిల్లింగు పెడితే 32 పేజీల కథ, రెండు బొమ్మలు. బొమ్మలు వేసినాయన హాబ్లో బ్రౌన్. డికెన్స్ 'బోజ్' అనే పేరుతో రాసేవాడు కదా, దానికి జోడీగా ఈయన 'ఫిజ్' అయ్యాడు. చదువు రానివాళ్ళు కథని పక్కవాళ్ళు చదువుతుంటే వినేవారు. బొమ్మ మాత్రం వాళ్ళే చూసి అర్థం చేసుకునేవారు.

ఇంతకీ ఆ గిన్నెలో ఏముంది? గంధకం కలిపిన పాకం. మన బెల్లప్పాకం లాంటిదే, నల్లగా ఉంటుంది. రక్తం శుద్ధి అవుతుందని పిల్లలకి పడతారు. అసలు సంగతి వేరే. అది తాగితే ఆకలి చచ్చిపోతుంది, పొద్దున తిండి పెట్టే ఖర్చు మిగులుతుంది! బడి యజమాని భార్య మిసెస్ స్క్వీర్స్ ఈ మాట దాచుకోకుండా చెప్పేస్తుంది. బొమ్మ పేరు కూడా గమ్మత్తుగా పెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'డూదబాయ్స్ హాల్ లోపలి పొదుపు'. లోపల అంటే బడి లోపలా? పిల్లల కడుపు లోపలా? రెండూనూ.

ఇదంతా ఊహించి రాసింది కాదండీ. 1838 మొదట్లో, మంచి చలిలో, డికెన్స్, బ్రౌన్ కలిసి యార్క్‌షైర్ వెళ్ళారు. ఒక విధవరాలి కొడుక్కి బడి వెతుకుతున్నట్టు ఉత్తరం ఒకటి పుట్టించుకుని మరీ బయల్దేరారు. బోస్ అనే ఊళ్ళో విలియం షా అనే ఆయన నడిపే బడి ఉండేది. అక్కడ పిల్లలకి కళ్ళు పోయాయని 1823లో కోర్టుకెక్కారు. ఆయన నష్టపరిహారం కట్టాడు, బడి మాత్రం నడుస్తూనే ఉంది. ఆ ఊరి చర్చి దగ్గర 19 ఏళ్ళ కుర్రాడి సమాధి చూశాకే తనకి స్మైక్ పాత్ర తట్టిందని డికెన్స్ తర్వాత చెప్పుకున్నాడు.

నెలనెలా రావడంలోనూ ఒక దెబ్బ ఉంది. ఏప్రిల్ భాగంలో పాఠకుడు స్క్వీర్స్‌ని లండన్ సత్రంలో చూస్తాడు. ఏడాదికి ఇరవై గినీలు, సెలవలుండవు, భోజనం అమోఘం అని ప్రకటన ఇచ్చి పిల్లల్ని చేర్చుకుంటుంటాడు. మే నెలంతా ప్రయాణం. బడి లోపల ఏముందో జూన్‌లో గానీ తెలీదు, ఈ బొమ్మతో. స్క్వీర్స్‌కి దెబ్బలు పడేది జూలైలో. ఆ లెక్కన కొన్నవాళ్ళు ఈ గిన్నెని కళ్ళముందు పెట్టుకుని నెలరోజులు ఆగాలి.

పదేళ్ళ తర్వాత, 1848లో రాసిన ముందుమాటలో, అలాంటి బడులు ఇప్పుడు చాలా తక్కువే మిగిలాయని డికెన్స్ అన్నాడు.

నాకు మాత్రం ఒక అసంతృప్తి. ఫిజ్ ఈ బొమ్మలో కోపమంతా ఆవిడ మీదికి మళ్ళించాడు. మరి సెలవలుండవు అన్న ముక్క చదివి సంతోషించినవాళ్ళ సంగతేంటి? పిల్లలు ఇంటికి రాకూడదనే కదా అంత దూరం పంపింది. వాళ్ళు ఈ బొమ్మలో లేరు. అలాంటివాడు ఒకడు ఏప్రిల్ భాగంలోనే వస్తాడు, స్నాలీ అని. పెళ్ళాం మొదటి పెళ్ళి పిల్లలిద్దర్నీ స్క్వీర్స్‌కి అప్పజెప్పడానికి సత్రానికి తీసుకొచ్చాడు. ఆ సత్రం దృశ్యం కూడా ఫిజ్ వేశాడు. ఇదిగో, స్క్రీన్ మీద పెడుతున్నా. స్క్వీర్స్‌ని కాసేపు వదిలేసి స్నాలీని చూడండి.