చదివే గొంతు ఎక్కడ ఆగాలి?

అమెరికాలో క్లాసికల్ పద్ధతిలో ఇంట్లోనే చదువు చెప్పుకొనే కుటుంబాల పిల్లలకు థర్మోపైలే యుద్ధం ఒక్కసారితో అయిపోదు. జెస్సీ వైజ్, ఆమె కూతురు సుసాన్ వైజ్ బాయర్ కలిసి 1999లో తెచ్చిన 'ద వెల్ ట్రెయిన్డ్ మైండ్' చాలా ఇళ్లకు దారి చూపింది. ప్రాచీన కాలం నుంచి నేటి దాకా చరిత్రను నాలుగేళ్లలో చదివి, మళ్లీ మొదటికి రమ్మంటుందది. ఆరేళ్లప్పుడు విన్న యుద్ధం పదేళ్లకు, పద్నాలుగేళ్లకు మళ్లీ ఎదురవుతుంది.

మొదటిసారి కథే. ఇరుకు కనుమ, అడ్డంగా స్పార్టా రాజు లియోనిడాస్, అతని 300 మంది స్పార్టన్లు, ఎదుట పర్షియా రాజు జెర్క్సిస్ సేన. అమ్మ ఒక్కసారే చదువుతుంది. పుస్తకం మూశాక పిల్లలు విన్నది సొంత మాటల్లో చెప్పాలి. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ ప్రచారం చేసిన పద్ధతిది. ఆ చెప్పడంలో కత్తులు మిగులుతాయి, మనుషులు జారిపోతారు.

అందుకే రెండోసారి నెమ్మదిగా చదవాలి. ఆఖరి రోజున థెస్పియా అనే మరో గ్రీకు ఊరి వాళ్లు 700 మంది కూడా కనుమలోనే నిలబడి చనిపోయారు. గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ రాశాడు, లోకం మరిచింది. పర్షియన్ కాల్బలం 17 లక్షలన్న ఆయన లెక్కను మాత్రం ఈనాటి చరిత్రకారులు ఒప్పుకోరు. అంతమందికి తిండీ నీళ్లూ ఎక్కణ్నుంచి వస్తాయని పదేళ్ల పిల్ల కూడా అడగగలదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అరిస్టోడెమస్ కథ. కళ్లజబ్బుతో ఇద్దరు స్పార్టన్లు వెనక ఉండిపోయారు. యూరిటస్ తన బానిస చేయి పట్టుకుని యుద్ధంలోకి వెళ్లి ప్రాణం విడిచాడు. అరిస్టోడెమస్ బతికి ఇల్లు చేరాడు. ఊళ్లో అతనితో ఎవరూ మాట్లాడలేదు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వలేదు. మరుసటి ఏడు ప్లాటియా యుద్ధంలో అందరికన్నా ముందుకురికి పోరాడి మరణించినా, చావు కోరుకునే పోరాడాడంటూ స్పార్టా గౌరవించలేదు. బతికి రావడం తప్పా? మరి ఆ బానిస? పారిపోయాడని ఒక్కమాటతో సరిపెట్టాడు హెరడోటస్. మనసులో చదువుకునే పిల్లలు ఈ వాక్యాలు దాటిపోతారు. చదివే గొంతు ఆగితే వాళ్లూ ఆగుతారు. పల్నాటి వీరగాథ విని పెరిగినవాళ్లకిది తెలుసు. బాలచంద్రుడు మాంచాలను వీడి యుద్ధానికి బయల్దేరే ఘట్టాన్ని ఏ కథకుడూ తొందరగా ముగించడు.

మూడోసారి, పద్నాలుగేళ్లకు, మరో గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీస్ కూడా తోడవుతాడు. గెలుపు కథలే ఏరి వినిపించడం పిల్లలకు అన్యాయం. క్రీ.పూ. 413లో సిసిలీలో ఓడిపోయిన ఏథెన్స్ పక్షం వాళ్లు దాదాపు 7,000 మంది సిరక్యూస్ రాతి గనుల్లో, ఎండలో, శవాల పక్కనే మగ్గారు. తుసిడిడీస్ ఏథెన్స్ వాడే, అంతకుముందు ఏథెన్స్ సేనాని కూడా. తనవాళ్ల ఓటమిని దాచకుండా రాశాడు. ఆ వయసుకు పిల్లలు తామే చదువుకోగలరు, అయినా ఈ భాగం కలిసి, పైకే చదవాలి. క్రీ.పూ. 415లో దండయాత్రకు సై అన్న ఏథెన్స్ జనంలో చాలామందికి సిసిలీ ఎంత పెద్దదో కూడా తెలియదని ఆయన ముందే చెబుతాడు. అక్కడ అట్లాసు తెరిచి, ఆ ద్వీపాన్ని పిల్లల చేతే వెతికించి, ఆ తర్వాతే పేజీ తిప్పాలి.