పులుపుంటేనే పనిచేసే ఉప్పు

"టొమాటో సాస్ సీసా మీద ప్రిజర్వేటివ్ 211 అని ఉంటుంది కదా సార్, అదే పాలలో కలిపితే పాలు విరగవా?" తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు అడిగాడు. విరుగుతాయి. 211 అంటే సోడియం బెంజోయేట్. పాల దగ్గర అది ఎందుకు చేతులెత్తేస్తుందో చెబితే దాని గుట్టంతా చెప్పినట్టే.

నిజానికి పనిచేసేది బెంజోయిక్ ఆమ్లం. సాంబ్రాణిని వేడిచేసి, లేచిన ఆవిరి చల్లబడి పేరుకున్న తెల్లని స్ఫటికాలను ఐరోపావాళ్లు 16వ శతాబ్దంలోనే చూశారు. చిక్కల్లా అది నీళ్లలో సరిగ్గా కరగదు, లీటరుకు మూడున్నర గ్రాములే. సోడియం లవణంగా మారిస్తే అర కిలో పైన కరుగుతుంది. సోడియం చేసే మేలు అంతవరకే. సాస్‌లోని పులుపు తగలగానే బెంజోయేట్ ఒక ప్రోటాన్‌ను అందుకుని మళ్లీ ఆమ్లమైపోతుంది.

అసలు తమాషా ఇక్కడే. ఈస్ట్ కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో అల్లింది. విద్యుదావేశమున్న బెంజోయేట్ అయాన్‌ను అది రానివ్వదు, ఆవేశం లేని ఆమ్ల అణువు మాత్రం సులువుగా దూరిపోతుంది. లోపల పులుపు లేదు, పి.హెచ్. 7కు దగ్గర. అణువు వెంటనే ప్రోటాన్‌ను వదిలేసి అయాన్ అవుతుంది, ఇక వచ్చిన దారిన పోలేదు. అచ్చం అభిమన్యుడే, కాకపోతే ఇక్కడ కూలేది వ్యూహం. వచ్చిపడ్డ ప్రోటాన్లతో కణం లోపల పులిసిపోతుంది. వాటిని బయటికి తోడడానికే దాని శక్తి, అంటే ఏటీపీ, హరించుకుపోతుంది. చక్కెరను విడగొట్టే ఎంజైమూ మందగిస్తుంది. పెరుగుదల ఆగుతుంది.

పి.హెచ్. 3 దగ్గర నూటికి 94 పాళ్లు ఆమ్లరూపంలో ఉంటుంది. 5 దగ్గర 14 పాళ్లే. పాల పి.హెచ్. 6.6 పైమాటే, అక్కడ ఒక పాలు కూడా మిగలదు.

1902లో అమెరికా వ్యవసాయ శాఖ రసాయనవేత్త హార్వే వైలీ, ముందుకొచ్చిన యువకులకు భోజనంలో నిల్వ రసాయనాలు పెట్టి ఏమవుతుందో చూశాడు. బెంజోయేట్ వద్దన్నాడు. అది లేకుండా కెచప్ నిలవదని చాలామంది తయారీదారులు మొత్తుకున్నారు. హెచ్.జె. హైంజ్ మాత్రం దాన్ని తీసేసి, బాగా పండిన టొమాటోలు, మరింత వెనిగర్, చక్కెర వేశాడు. కొద్ది మోతాదుతో హాని లేదని 1909లో ప్రభుత్వం వేసిన శాస్త్రవేత్తల బృందం, రెమ్సెన్ బోర్డు, చెప్పినా ఆయన వెనక్కి తగ్గలేదు. రసాయనం మీద సహజత్వం గెలిచిందని ఈ కథ చెబుతుంటారు, నాకు నవ్వొస్తుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కణంలోకి దూరేదీ ఇదే దారిన!

ఇప్పుడు సాంబ్రాణి అక్కర్లేదు, టొలుయీన్ నుంచి చేస్తున్నారు. విటమిన్ సి తోడైతే లేశమాత్రం బెంజీన్ పుట్టవచ్చని తేలి, కొన్ని కూల్‌డ్రింకుల పాళ్లు మార్చారు. మన ఒంట్లో ఇది గ్లైసిన్‌తో కలిసి మూత్రంలో పోతుంది, ఆ గ్లైసిన్‌లోని నత్రజనితో సహా. అందుకే అమ్మోనియా పేరుకునే జన్యులోపమున్న పిల్లలకు ఇదే మందు. జైగోశాకరోమైసిస్ బెయిలీ అనే మొండి ఈస్ట్ మాత్రం అనుమతించిన మోతాదును కూడా తట్టుకుని, స్క్వాష్ సీసాలను పొంగిస్తూనే ఉంది.