శెనక్కాయ జన్యువుల్లో ఎత్తయిన చుక్క.. నమ్మొచ్చా?

‘ప్రాజెక్టులో నువ్వేం చేశావ్?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. రిపోర్టు ఉంటుంది, బైండింగూ బాగుంటుంది. చేసింది చూపించమంటేనే ఇబ్బంది. తాడిపత్రి చుట్టుపక్కల నుంచి బయోటెక్నాలజీ, అగ్రికల్చర్, కంప్యూటర్స్ చదువుతున్నవాళ్లకు చూపించదగ్గ అంశం ఊరి బయట చేలల్లోనే ఉంది. ఒకే బెట్టకు ఒక శెనక్కాయ రకం తట్టుకుంటుంది, పక్కనే ఇంకొకటి వాడిపోతుంది. ఆ తేడా జన్యువుల్లో ఎక్కడుంది?

దాన్ని వెతికే పద్ధతినే ‘జీవాస్’ అంటారు. వందల రకాలను పండించి లక్షణాలు కొలుస్తారు. వాటి డీఎన్‌ఏలో వేల చోట్ల గుర్తులు, అంటే మార్కర్లు చదువుతారు. ఏ మార్కర్ ఏ లక్షణంతో కలిసి వస్తోందో లెక్కకడతారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 48 దేశాలకు చెందిన 300 వేరుశనగ రకాల మీద, 50 లక్షణాలకు ఈ పని చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. తర్వాత 58 వేల మార్కర్లను ఒకేసారి చదివే చిప్ వచ్చింది. 2019లో సాగు వేరుశనగ జన్యుక్రమమూ వెలువడింది.

ఫలితాల ఫైలు తెరిస్తే కనిపించేవి క్రోమోజోమ్, దాని మీద స్థానం, పీ-వాల్యూ అనే నిలువు వరసలు, వేల కొద్దీ అడ్డు వరసలు. కంటితో చూస్తే ఏమీ అర్థం కాదు. అందుకే ఒక్కో మార్కర్‌ను ఒక్కో చుక్కగా పెడతారు. పీ-వాల్యూ ఎంత చిన్నదైతే చుక్క అంత పైకి వెళ్తుంది. చూడటానికి న్యూయార్క్ మేడల్లా ఉంటుందని దీనికి మాన్‌హటన్ ప్లాట్ అని పేరు.

ఇది మామూలు బొమ్మగా ఉంటే చూసి వదిలేస్తాం. జూపిటర్ నోట్‌బుక్‌లో విడ్జెట్‌గా మారిస్తే కదులుతుంది. చుక్క మీద మౌస్ పెడితే మార్కర్ పేరు వస్తుంది. మెనూలో లక్షణం మార్చొచ్చు, స్లైడర్‌తో గీతను పైకీ కిందికీ జరపొచ్చు. లెక్క పైథాన్ చేస్తుంది, బొమ్మను బ్రౌజర్ గీస్తుంది. రెండింటి మధ్య కబురు మోసేది విడ్జెట్. పైథాన్‌లో ఫంక్షన్లు రాయడం వస్తే ఐపీవై విడ్జెట్స్‌తో మొదలుపెట్టొచ్చు. మంచి ల్యాప్‌టాప్ లేకపోయినా గూగుల్ కొలాబ్ చాలు.

అసలు పరీక్ష గీత దగ్గరే. 58 వేల మార్కర్లను 0.05 హద్దుతో పరీక్షిస్తే, నిజమైన సంబంధం ఒక్కటీ లేకపోయినా దాదాపు 2,900 చుక్కలు కేవలం కాకతాళీయంగా గీత దాటేస్తాయి! అందుకే 0.05ను 58 వేలతో భాగిస్తారు. ప్లాట్ మీద అది సుమారు 6 దగ్గర పడుతుంది. స్లైడర్‌ను 6 నుంచి 4కు దించితే కొత్తగా ఎన్ని చుక్కలు లేస్తాయో చూడండి, గీత ఎందుకో అప్పుడు బోధపడుతుంది.

గీత దాటినంత మాత్రాన నమ్మేయకూడదు. నిజమైన సంబంధం ఉన్నచోట తరచూ పక్కపక్క మార్కర్లూ లేచి గుట్టలా కనిపిస్తాయి. ఒంటరిగా నిలబడ్డ చుక్క చాలాసార్లు చదవడంలో దొర్లిన తప్పు. ఇంకో మోసం ఉంది. గుత్తి రకాలు త్వరగా కోతకొస్తాయి, తీగ రకాలు ఆలస్యం. రెండింటినీ కలిపేసి పంటకాలానికి మార్కర్లు వెతికితే, ఆ రెండు జాతులను వేరుచేసే ప్రతి మార్కరూ ‘నేనే కారణం’ అన్నట్టు లేస్తుంది. దీన్ని పసిగట్టడానికి పక్కన క్యూక్యూ ప్లాట్ కూడా పెట్టాలి. గ్రాఫ్ గీయడం ఎవరైనా నేర్చుకుంటారు, ఈ అనుమానం రావడమే అభ్యర్థిని వేరుచేసి చూపిస్తుంది.

సాధన కోసం మనుషుల జన్యు ఫలితాలు ‘జీవాస్ కేటలాగ్’లో ఉచితంగా దొరుకుతాయి. వేరుశనగ జన్యు సమాచారానికి పీనట్‌బేస్ ఉంది. మనుషుల ఫైళ్లలో లక్షల వరసలుంటాయి, అన్నీ గీస్తే బ్రౌజర్ మొరాయిస్తుంది. కింద కిక్కిరిసిన చుక్కల్ని పలచన చేయండి. క్యూక్యూ ప్లాట్‌కు మాత్రం పూర్తి ఫైలే కావాలి.

ఒక్క విడ్జెట్‌తో ఉద్యోగం వస్తుందని చెప్పడం లేదు. పరిశోధన సంస్థలు, విత్తన కంపెనీల్లో ఇలాంటి పనులకు ఎక్కువగా పీజీ అడుగుతారు. బయోటెక్నాలజీ పీజీకి గ్యాట్-బి రాయొచ్చు. ఆ ఇంటర్వ్యూలకు వెళ్లేలోగా నోట్‌బుక్ సిద్ధంగా ఉంచుకోండి. చాలామంది చేసే పొరపాటొకటి.. గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇచ్చేస్తారు. అక్కడ నోట్‌బుక్ కనిపిస్తుంది గానీ స్లైడర్ పనిచేయదు. కొలాబ్ లింకు ఇవ్వండి, పక్కనే ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి. పంపే ముందు స్నేహితుడి ఫోన్లో ఒకసారి తెరిచి చూడండి.