తేలిక విమానము - బరువైన ప్రశ్న

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములోని తుంగతుర్తి పొలాలలో ఒక శిక్షణ విమానము కూలినది. సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రమైన తుంగతుర్తి వేరు. ఇది మిర్యాలగూడకు పడమటగా, నాగార్జునసాగరానికి చేరువగా ఉన్న పల్లె. సాగరు దగ్గరి విమాన క్షేత్రము నుండి ఒంటరిగా ఎగిరిన శిక్షణార్థిని ఆ ప్రమాదములో ప్రాణము కోల్పోయినది. హెలికాప్టరు కూలినదనీ, ఇద్దరు మరణించిరనీ తొలి వార్త. అది సెస్నా 152 అనే రెండు సీట్ల విమానమనీ, అందులో ఉన్నది ఆమె ఒక్కతే అనీ తరువాతి వార్త. చిన్న విమానముతో మనకున్న పరిచయము ఎంతటిదో ఈ సవరణలోనే తెలుస్తున్నది.

వార్త సవరింపబడినది గాని ప్రశ్న మిగిలినది. సూర్యాపేటలోనో కోదాడలోనో ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవాడు పైలట్ నవుతానని పట్టుబడితే, తల్లిదండ్రులు సలహా అడిగేది తరచుగా అతనికి చదువు చెప్పిన ఉపాధ్యాయునే. జీతానికి విమానము నడిపే అర్హత రావలెనన్న మన దేశములో 200 గంటలు ఎగిరిన అనుభవము ఉండవలెను. ఆ గంటలు చాలావరకు గడిచేది ఇటువంటి తేలిక విమానములలోనే. ఇవి క్షేమమేనా? పాతవాటిని మాని, కొత్తగా వచ్చిన శక్తిమంతమైన విమానములలో నేర్పిన భయము తీరునా? ఆ ఉపాధ్యాయుడు ఏమని చెప్పవలెను?

ఈ వాదము ఈనాటిది కాదు. అమెరికాలో 1947లో బీచ్ కంపెనీవారి బొనాంజా విమానము వెలువడినప్పటి నుండి సాగుతున్నది. రెండు రెక్కలుగా విచ్చుకున్న తోకతో, ఆనాటి చిన్న విమానములన్నిటిని మించిన వేగముతో అది ధనికుల మనసు దోచుకున్నది. కొన్నవారిలో వైద్యులు చాలామంది. కొన్నాళ్లకే దానికి 'డాక్టర్లను చంపే విమానము' అన్న చెడ్డపేరు వచ్చినది. తోక బలహీనమని కొందరు, డబ్బున్నంత తీరిక లేని వైద్యులు తగినంత అభ్యాసము చేయలేదని మరికొందరు వాదించిరి. చివరకు 1987లో ప్రభుత్వము తోకకు బలము కూర్పించినది. అనగా ఇరుపక్షాలవారి మాటలోను కొంత నిజము ఉన్నది. తరువాత వచ్చిన ప్రతి వాదములోను ఇదే కథ.

అమెరికా నియమములలో 200 అశ్వశక్తులకు మించిన ఇంజను గల విమానమునకు 'అధిక సామర్థ్యము' కలదని పేరు. దానిని నడుపుటకు వేరుగా శిక్షణ పొంది, గురువు సంతకము తీసుకొనవలెను. తుంగతుర్తిలో కూలిన సెస్నా 152 ఇంజను 110 అశ్వశక్తులది. గంటకు రమారమి 200 కిలోమీటర్లు పోవును. నేటి అధిక సామర్థ్య విమానములలో ప్రసిద్ధమైన సిరస్ ఎస్ఆర్ 22 ఇంజను 310 అశ్వశక్తులది. దాని వేగము గంటకు 340 కిలోమీటర్ల దాకా ఉండును. సూర్యాపేట నుండి కోదాడకు ఆకాశమార్గమున 40 కిలోమీటర్లు. మొదటిది 12 నిమిషములలో పోవును. రెండవది 7 నిమిషములలో చేరును. దారిలో మబ్బు కమ్మినచో వెనుకకు తిరుగుదునా, ముందుకు పోదునా అని ఆలోచించుకొనుటకు దొరికే వ్యవధి కూడ అంతే తగ్గినది.

అంతకన్న ముఖ్యమైనది దిగే వేగము. ఒక కనీస వేగము కన్న తగ్గినచో రెక్కకు గాలి ఊతము తప్పును. దీనిని పైలట్లు స్టాల్ అందురు. సెస్నా 152కు ఈ కనీస వేగము గంటకు దాదాపు 80 కిలోమీటర్లు, సిరసుకు దాదాపు 110. తేడా 30 కిలోమీటర్లే గదా అనిపించును. కాని గతిశక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగునని తొమ్మిదవ తరగతి పాఠము. మొదటిది నిండు బరువుతో 757 కిలోలు, రెండవది 1,633 కిలోలు. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించి చూడవచ్చును. నేలను తాకునప్పుడు సిరస్ మోసుకువచ్చే శక్తి నాలుగింతలకు పైగా తేలును. విమానము ఆగుటకు ముందు ఆ శక్తి అంతా ఎక్కడో ఖర్చు కావలెను: చక్రాలలో, నేలలో, లేదా లోపలి మనిషి ఎముకలలో. ఈ కారణముననే అమెరికా నియమావళి ఒంటి ఇంజను చిన్న విమానములకు ఈ కనీస వేగము 113 కిలోమీటర్లు మించరాదని చాలాకాలము కట్టడి చేసినది.

మరి సిరస్ వారు దీనికి చూపిన విరుగుడు ఏమి? విమానమంతటిని మోసే పారాచూట్. సంస్థ స్థాపకులలో ఒకరైన అలన్ క్లాప్‌మయర్ 1985లో ఆకాశమున మరియొక విమానముతో ఢీకొని, చెడిన రెక్కతోనే ఎట్లో దిగి బ్రతికెను. అవతలి పైలట్ బ్రతుకలేదు. ఆ అనుభవము నుండి పుట్టినదీ ఏర్పాటు. పైకప్పులోని పిడిని లాగినచో రాకెట్టు పారాచూట్‌ను బయటికి ఈడ్చును. పారాచూట్ విచ్చుకొన్న పిమ్మట విమానము సుమారు 4 మీటర్ల ఎత్తు నుండి జారవిడిచినంత వేగముతో మాత్రమే నేలను తాకును. సీటు విరుగవచ్చును, నడుము నొప్పి పుట్టవచ్చును, మనిషి దక్కును. 2002లో టెక్సాస్ రాష్ట్రమున ఒక పైలట్ రెక్కకుండే కదిలే పలక ఊడిపోగా పిడి లాగి బ్రతికెను. నాటి నుండి ఇట్లు బ్రతికినవారు 200 మందికి పైబడినారు.

అయినను తొలి సంవత్సరాలలో ఈ కొత్త విమానముల మరణాల లెక్క ఆశించినంత తగ్గలేదు. పారాచూట్ ఉన్నదను ధైర్యముతో పోరాని వాతావరణములోనికి పోవుచున్నారని విమర్శకులు అనిరి. ఇందులో సగమే నిజము. శకలాలు పరీక్షించగా, పిడిని లాగనే లాగక చనిపోయినవారు అనేకులు కనిపించిరి. విమానము పాడగునన్న సంకోచము, చక్కదిద్దుకొనగలనన్న అభిమానము, కలవరములో పిడి సంగతియే మరచుట, వీటిలో ఏదైనను కావచ్చును. 2010 ప్రాంతములలో శిక్షణ పద్ధతి మార్చిరి. అనుమానము కలిగిన వెంటనే లాగుమని, ఏ ఎత్తున ఏమి చేయవలెనో ఎగురక ముందే నోటితో పలుకుమని నేర్పిరి. మరణాలు స్పష్టముగా తగ్గినవి. విమానము అదే, పారాచూట్ అదే.

2010లోనే అమెరికా రవాణా భద్రతా మండలి మరియొక సంగతి బయటపెట్టినది. గడియారాల వంటి పాత సాధనములకు బదులు వెలుగు తెరలు అమర్చిన విమానములను, అమర్చని వాటిని 8 వేలకు పైగా తీసుకొని పోల్చి చూచినది. తెరలున్న వాటిలో మొత్తము ప్రమాదములు తక్కువే. ప్రాణము తీసిన ప్రమాదములు మాత్రము ఎక్కువ! తెర మీద మబ్బు రంగులలో అందముగా కనిపించును. లోపలికి పోయిన పైలట్‌కు మాత్రము నేల ఏదో ఆకాశమేదో తెలియదు.

పారాచూట్ లేకయే మంచిపేరు తెచ్చుకొన్న విమానము కూడ ఒకటి ఉన్నది. ఆస్ట్రియా దేశపు డైమండ్ డిఏ 40 అది. 180 అశ్వశక్తుల ఇంజను, పొడవైన రెక్కలు, నెమ్మదిగా దిగే గుణము, రెక్క దూలాల నడుమ భద్రముగా దాచిన ఇంధనపు తొట్లు. వేగముపై మోజు లేని ఈ విమానమును మన దేశములోను శిక్షణకు వాడుచున్నారు.

తెలుగువారికి ఈ చర్చ దూరపు ముచ్చట కాదు. నటి సౌందర్య 2004 ఏప్రిల్ 17న కరీంనగరు ఎన్నికల సభకు బయలుదేరి బెంగుళూరు జక్కూరులో ఎక్కిన సెస్నా 180 కూడ 200 అశ్వశక్తులు దాటినదే. ఎగిరిన కొద్దిసేపటికే కూలి అందులోని నలుగురూ మరణించిరి. దుండిగల్ వాయుసేన అకాడమీలో పడుచువారికి తొలిపాఠాలు నేర్పిన హెచ్‌పీటీ 32 మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి నిర్మాణము, 260 అశ్వశక్తులది. ఆకాశమున ఇంజను ఆగుట దాని జాడ్యము. ఆగిన పిదప ఎక్కువ దూరము తేలలేకపోవుట రెండవ జాడ్యము. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు గురువులు మరణించగా వాటినన్నిటిని నేలకు కట్టివేసిరి. అప్పటికి 17 ప్రమాదములు, 19 మంది పైలట్ల మరణములు అని పత్రికలు లెక్క కట్టినవి. దానికి పారాచూట్ అమర్చవలెనని ఆలోచన సాగినది గాని ఆ విమానము మరల విద్యార్థులను ఎక్కించుకొనలేదు. 2013లో స్విట్జర్లాండు పిలాటస్ వచ్చినది. అది ఎన్నో విధాల మేలైనది. అయినను 2023 డిసెంబరు 4న అదే మెదక్ జిల్లాలో, తూప్రాన్ దగ్గర, ఒక పిలాటస్ కూలి గురువు, శిష్యుడు ఇద్దరూ పోయిరి.

కనుక ఉపాధ్యాయుడు విమానము పాతదా కొత్తదా అని విచారించమనుటతో ఆగరాదు. ఇంజను ఆగినట్లు భావించి దిగే అభ్యాసము నెలకు ఎన్నిసార్లు చేయించెదరు? వాతావరణము బాగులేదని శిష్యుడు వెనుకాడినప్పుడు గురువు మెచ్చుకొనునా, ఎగతాళి చేయునా? మరమ్మతు పుస్తకము అడిగిన చూపెదరా? ఇవి అడిగి రమ్మని తండ్రికి చెప్పవలెను. రుసుము కట్టక ముందే అడుగవలెను.

ఈ అభ్యాసము ఎందుకో మన నేలనే చూచి గ్రహింపవచ్చును. ఇంజను ఆగిన విమానము రాయివలె పడదు. ఎత్తునకు సుమారు తొమ్మిదింతల దూరము తేలును. సూర్యాపేట, కోదాడల నడుమ సగము దారిలో 1,500 మీటర్ల ఎత్తున ఇంజను ఆగినదనుకొందము. 13 కిలోమీటర్లు పోవచ్చును; ఊరు 20 కిలోమీటర్ల దూరమున ఉన్నది. క్రింద జాతీయ రహదారి చక్కగా పరచినట్లే కనిపించును గాని దాని మీద బస్సులు, లారీలు, నడుమ గట్టు, అడ్డముగా తీగలు. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ దాకా పరచుకొన్న వరిమళ్లు పైనుండి పచ్చని తివాచీ వలె ఉండును. యాసంగి నాట్లు ముగిసిన ఫిబ్రవరిలో ఆ తివాచీ క్రింద నీరు, బురద. చక్రము దిగబడి విమానము తలక్రిందులు కావచ్చును. కోతలైన పిదప అదే మడి గట్టిపడును. అప్పుడు 80 కిలోమీటర్ల వేగముతో దిగే విమానమునకు అందులో చోటు దొరకవచ్చును. 110 తో దిగేదానికి గట్టు అడ్డుపడును. దాని పైలట్ చేయి పిడి మీదికి పోవలసినది గట్టు కనిపించినప్పుడు కాదు, నేల ఇంకను 2,000 అడుగుల క్రింద ఉన్నప్పుడే.