ఆరేండ్ల హైస్కూలు

హైస్కూలు చదువు ఎన్నేండ్లని అమెరికాలో ఏ పిల్లవానిని అడిగినా నాలుగని చెబుతాడు. తొమ్మిదవ తరగతిలో చేరి పన్నెండవ తరగతితో బయటపడడం అక్కడి రివాజు. న్యూయార్కు మహానగరంలో బ్రూక్లిన్ ప్రాంతాన క్రౌన్ హైట్స్ అనే పేట ఒకటి ఉన్నది. అక్కడ 2011 సెప్టెంబరులో తెరచిన ఒక చిన్న ప్రభుత్వ పాఠశాల ఈ లెక్కను మార్చివేసినది. అందులో పదునాలుగవ తరగతి వరకు ఉన్నది. దాని అసలు పేరు చాలా పొడవు. లోకం పి-టెక్ అని పిలుస్తున్నది.

సాంకేతిక విద్య అనగానే, కంప్యూటర్లతో నిండిన గదులను వర్ణించబోతున్నానని ఉపాధ్యాయ మిత్రులు అనుకోవచ్చు. యంత్రాలదేమున్నది? డబ్బు పెడితే ఏ బడికైనా వస్తవి. ఈ బడి విశేషం గుమ్మం దగ్గరనే ఉన్నది.

సాంకేతిక విద్యకు పేరుమోసిన పాఠశాలలు ఆ నగరంలో లేకపోలేదు. అదే బ్రూక్లిన్‌లో 1922లో స్థాపించిన బ్రూక్లిన్ టెక్నికల్ హైస్కూలులో వేలమంది చదువుతున్నారు. అయితే అందులో చేరవలెనన్న ప్రవేశపరీక్షలో నెగ్గవలె. 1971లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం ఆ పరీక్షయే అక్కడ కొలబద్ద. పి-టెక్‌లో పరీక్ష లేదు, వెనుకటి మార్కుల లెక్క లేదు. చేరగోరువారు ఎక్కువైతే లాటరీ. మొదటి యేడు చేరినవారు నూరుమందికి అటూ ఇటూ. వారిలో చాలామంది నల్లజాతి కుటుంబాల పిల్లలు, లాటిన్ అమెరికా మూలాలు గల పిల్లలు; ఇంట్లో కాలేజీ గడప తొక్కినవారు లేనివారు అనేకులు.

ఏరి తెచ్చిన పిల్లలకు చెప్పి ఫలితాలు చూపడం ఒక విద్య. వచ్చినవానికి, వచ్చిన స్థితిలోనే మొదలుపెట్టి చెప్పడం మరొక విద్య. ఈ రెండవదానిలోని కష్టం ఈ పుటలు చదివే ఉపాధ్యాయులలో ఎందరికో స్వానుభవమే.

బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల చదువు కూడ ఆరేండ్లదే; అదీ పల్లె పిల్లల కోసం తలపెట్టినదే. కాని అక్కడ పదవ తరగతి మార్కులు చూచి తీసుకుంటారు. పోలిక అంతవరకే.

పి-టెక్ వెనుక మూడు చేతులున్నవి: నగర విద్యాశాఖ, నగర విశ్వవిద్యాలయం, ఐ.బి.ఎం. కంపెనీ. ఆరేండ్లలో విద్యార్థి హైస్కూలు పట్టాతోపాటు, న్యూయార్క్ సిటీ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ వారి రెండేండ్ల డిగ్రీ కూడ సంపాదించవచ్చును. అది కంప్యూటరు శాస్త్రానికో, విద్యుత్తు-యంత్ర సాంకేతిక శాస్త్రానికో సంబంధించినది. కాలేజీ ఫీజు విద్యార్థి చెల్లించనక్కరలేదు. చురుకైనవాడు ఆరేండ్లకు ముందే ముగించుకొని పోవచ్చు. నిదానస్థుణ్ణి నాలుగేండ్లు కాగానే సాగనంపరు. కంపెనీవారు తమ దగ్గర తొలిమెట్టు ఉద్యోగాలకు ఏయే నేర్పులు కావలెనో వ్రాసి ఇచ్చారు. అక్కడినుండి వెనుకకు నడుస్తూ పాఠ్యక్రమం అల్లుకున్నారు. కంపెనీ ఉద్యోగులు పిల్లలకు మార్గదర్శకులుగా ఉంటారు. డిగ్రీ పొందినవారిని ఇంటర్వ్యూకు ముందుగా పిలుస్తామన్నారు. ఉద్యోగం ఇచ్చి తీరుతామనలేదు. ఈ తేడాను తల్లిదండ్రులు గమనించవలసి ఉన్నది.

ఈ బడికి చోటు దొరికిన భవనం కథ వేరు. అది అంతవరకు పాల్ రోబ్సన్ పేరుగల హైస్కూలు. ఫలితాలు బాగులేవని నగరపాలకులు దానిని క్రమంగా మూసివేస్తుండగా, అదే కప్పుక్రింద పి-టెక్ పుట్టినది. రోబ్సన్ బానిసత్వం నుండి తప్పించుకొన్న ఒకానొకని కొడుకు. మహాగాయకుడు, నటుడు, శ్రామికుల పక్షం విడువనివాడు. 1950లో అమెరికా ప్రభుత్వం అతని పాస్‌పోర్టు లాగుకొని 1958 దాకా తిరిగి ఇవ్వలేదు. ఆ 1958లోనే అతని అరువదవ పుట్టినరోజు మన దేశంలో కూడ జరుపుకొన్నారు. అటువంటివాని పేరు గల బడి పోయి, ఒక కంపెనీ అవసరాలను బట్టి పాఠాలు కుదిర్చిన బడి వచ్చినదే అని నొచ్చుకున్నవారిని తప్పు పట్టలేము. కంపెనీ అవసరం అయిదేండ్లలో మారిపోతుంది. పిల్లవాని బ్రతుకు నలుబదియేండ్లు నడవవలె. అయినను ఒక్కటి గుర్తుంచుకోవలె. చేతికి వచ్చే డిగ్రీ కంపెనీది కాదు, విశ్వవిద్యాలయానిది. దానిని పట్టుకొని ఎక్కడికైనా పోవచ్చు, పైచదువు చదువుకోవచ్చు. ఈ సదుపాయమే లేకపోతే దీనిని బడి అనడానికి నాకు మనసొప్పదు.

కష్టాలూ లేకపోలేదు. మొదటి తరగతుల్లో ఇంగ్లీషుకు, గణితానికి మామూలుకంటె ఎక్కువ గంటలు కేటాయించినా, కొందరిని తగినంత సిద్ధం కాకముందే కాలేజీ పాఠాలకు పంపారు. వారిలో పలువురికి చెడ్డ గ్రేడ్లు వచ్చినవి. హైస్కూలులో తప్పిన పాఠాన్ని మళ్లీ చదివి సరిదిద్దుకోవచ్చు. కాలేజీ రికార్డులో పడిన మచ్చ అంత తేలికగా పోదు. 2013 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా శాసనసభల ముందు ఈ బడిని మెచ్చుకున్నాడు. అక్టోబరులో స్వయంగా వచ్చి చూచాడు. అప్పటికి ఒక్క విద్యార్థి అయినా ఆ చదువు ముగించలేదు. పొగడ్త పంటకంటె ముందు వచ్చినదన్నమాట.

పంట 2015లో మొదలైనది. ఆరుగురు విద్యార్థులు రెండేండ్లు ముందుగానే, అనగా నాలుగేండ్లలోనే, రెండు పట్టాలూ చేత పట్టుకున్నారు. కొందరు ఐ.బి.ఎం.లో ఉద్యోగాలకు, కొందరు నాలుగేండ్ల కాలేజీలకు వెళ్లారు. తరువాత న్యూయార్కులో ఈ తరహా బడులు మరికొన్ని వెలసినవి. లాటరీలో చోటు దొరికినవారిని, దొరకనివారిని పోల్చి ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ చాలాకాలం పరిశీలించినది. చోటు దొరికినవారిలో, హైస్కూలులో ఉండగానే కాలేజీ పాఠాలు చదివినవారు ఎక్కువమంది ఉన్నారు. రెండేండ్ల డిగ్రీ పొందడంలో లాభం మాత్రం ముఖ్యంగా మగపిల్లలలో కనబడినది. ఇతర బడులలో చదువు మధ్యలో వదలుకొనేవారిలో మగపిల్లలే ఎక్కువగా ఉండే నగరం అది.